గంటలో చెరిగిపోయిన వ్రతం చీటీ

మా అత్తగారు కాగితం మీద రాసిచ్చిన సామాన్ల చీటీ ముప్పయ్యేళ్లలో ఒక్కసారి కూడా తప్పిపోలేదని మావగారు గొప్పగా చెబుతుంటారు. పాత క్యాలెండరు కాగితం నాలుగు మడతలు పెట్టి, వెనక వైపు పెన్సిలుతో రాసి, చొక్కా జేబులో ఆవిడే స్వయంగా పెట్టి పంపేవారట. ఆ చీటీని ఫోన్లోకి ఎక్కించిన పాపం నాది.

2021 జనవరి గుర్తుందిగా? వాట్సాప్ కొత్త షరతులు పెట్టింది. ఫిబ్రవరి 8 లోగా ఒప్పుకోమంది. ఊరంతా గగ్గోలు పెట్టేసరికి ఆ గడువును మే 15కి జరిపింది. ఈలోగా ఎలాన్ మస్క్, వాట్సాప్ లాంటిదే ఇంకో యాప్ పేరు చెప్పి, 'సిగ్నల్ వాడండి' అని రెండు ముక్కలు ట్వీట్ చేశాడు. పెళ్లిపందిట్లో ఎవరో 'పాము' అన్నట్టు జనం లేచి పరుగు తీశారు. ఆ పరుగులో నేనూ ఉన్నాను. కాకపోతే నాకో అలవాటుంది. ఒంటరిగా పరుగెత్తలేను, వెంట పదిమందిని లాక్కుపోవాలి.

సంక్రాంతికి కాకినాడలో అత్తారింట్లో అందరం చేరాం. గారెలు వేగుతుండగా ఉపన్యాసం మొదలుపెట్టాను. వాట్సాప్‌లో మన మాటలు బయటివాళ్లు చదవకుండా వేసిన తాళం కూడా సిగ్నల్ వాళ్లదేననీ, 2016 నుంచీ అదే వాడుతున్నారనీ చెప్పాను. వాట్సాప్‌ని పుట్టించిన ఇద్దరిలో బ్రయన్ యాక్టన్ అనే ఆయన, 2014లో దాన్ని ఫేస్‌బుక్‌కి 1900 కోట్ల డాలర్ల బేరానికి అమ్మేశాక, 2018లో 5 కోట్ల డాలర్లు పెట్టి సిగ్నల్ ఫౌండేషన్‌కి పునాది వేశాడనీ చెప్పాను. ఇల్లు అమ్మిన మనిషే ఎదురుగా స్థలం కొని ధర్మసత్రం కట్టించినట్టన్నమాట.

"తాళం రెండింటికీ ఒకటే అయితే మారడం ఎందుకు బావగారూ?" అన్నాడు బావమరిది, నోట్లో గారె పెట్టుకుని.

ఇది నిజంగా మంచి ప్రశ్న. ఆ రోజుల్లో టీవీల్లో అరిచినవాళ్లలో చాలామందికి ఇది తట్టలేదు. మనం ఏం మాట్లాడుకున్నామో రెండుచోట్లా ఎవరికీ కనబడదు. తేడా అంతా, ఎవరితో ఎప్పుడు మాట్లాడామన్న లెక్క ఎవరి దగ్గర ఎంత ఉంటుందన్న దగ్గరే. క్యారేజీలో ఏముందో తెలియకపోయినా, రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఎవరింటికి ఎవరు క్యారేజీ పట్టుకెళ్తున్నారో వీధి అరుగు మీద కూర్చున్నాయనకి తెలిస్తే చాలదూ, కథంతా అల్లేయడానికి! 2016లో అమెరికాలో ఒక కోర్టు సమను పంపి ఫలానా నంబర్ల వివరాలు ఇమ్మంటే, సిగ్నల్ వాళ్లు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి సిగ్నల్‌కి ఎప్పుడు కనెక్టయ్యారు. అంతకుమించి వాళ్లు రాసిపెట్టుకోలేదు గనక.

"పైగా దీని ప్రోగ్రామంతా ఓపెన్ సోర్స్ అత్తయ్యగారూ. లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు."

"అందరికీ చూపిస్తే దొంగలకీ తెలిసిపోతుంది కదా అల్లుడుగారూ?"

"తాళంకప్ప ఎలా చేస్తారో ఊళ్లో కమ్మరులందరికీ తెలిసినా, తాళంచెవి మీ కొంగునే ఉంటుంది కదండీ."

"నా కొంగున ఉన్న తాళంచెవి ఎక్కడుందో ఇంతకీ నాకే తెలీదు. పొద్దుట్నుంచీ బీరువా కోసం వెతుకుతున్నా" అని ఆవిడ మూకుడు వైపు తిరిగారు.

వదల్లేదు నేను. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారని చెప్పాను. "తొమ్మిదిమందీ ఒక్కమాట మీదున్నారా! నవగ్రహాలు కూడా అలా ఉండవు" అని మావగారు ఫోను నా చేతిలో పెట్టేశారు. సాయంత్రానికి పదకొండు ఫోన్లలో సిగ్నల్ ఎక్కించి, కుటుంబం గ్రూపు కట్టి, విజయగర్వంతో రెండు గారెలు ఎక్కువ తిన్నాను. అరిసెల జోలికి పోలేదు. అంతకు నెల్లాళ్ల ముందే డాక్టరు నాకు తీపి మాన్పించాడు. ఆ సంగతి గ్రూపు పెట్టకముందే అందరికీ తెలుసు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఆ జూలైలో, ఇజ్రాయెల్ కంపెనీ ఒకటి తయారుచేసిన పెగాసస్ అనే నిఘా ప్రోగ్రాము గురించి వార్తలొచ్చాయి. ఫోన్లోకి చొరబడే నిఘా గురించి చదివిన కొద్దీ, ఇజ్రాయెల్ నుంచి ఎవరో మా అత్తగారి గోంగూర పచ్చడి కొలతల కోసం కాచుక్కూర్చున్నట్టు అనిపించసాగింది. చివరికి కార్తికంలో, సత్యనారాయణ వ్రతానికి రెండు రోజుల ముందు రాత్రి, నిద్రపట్టక గ్రూపు సెట్టింగుల్లోకి దూరాను. చెరిగిపోయే సందేశాల టైమరు ఉంటుంది. ఒక్క సెకను నుంచి నాలుగు వారాల దాకా ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. వారం పెట్టొచ్చు. పోనీ, రోజు పెట్టొచ్చు. భక్తి ముదిరినవాడికి మధ్యేమార్గం రుచించదు. ఒక గంట పెట్టాను.

అలా పెట్టగానే, ఫలానావారు సమయాన్ని '1 గంట'గా మార్చారని గ్రూపులో అందరికీ ఒక చిన్న లైను కనబడుతుంది. మా అత్తగారి ఫోను తెలుగులో ఉంటుంది. పొద్దున్నే ఆవిడ జవాబు:

"గంట మనింట్లో ఉందిగా అల్లుడుగారూ. మళ్లీ ఒకటి ఎందుకు?"

నవ్వుకున్నాను. వివరించలేదు. ఆ గంట వ్రతం దాకా మోగుతూనే ఉంటుందని నాకేం తెలుసు!

వ్రతం రోజు తెల్లారి ఏడింటికి ఆవిడ సామాన్ల చీటీ గ్రూపులో పెట్టారు. ముప్పై నాలుగు అంశాలు, ఒక్కో లైనుకి ఒకటి. కాఫీ తాగుతూ మొత్తం చదివాను. చదివిన క్షణం నుంచే నా ఫోన్లో ఆ గంట లెక్క మొదలవుతుందన్న సంగతి, గోప్యత మీద అన్ని ఉపన్యాసాలిచ్చిన నాకు, ఆ క్షణాన గుర్తు రాలేదు. స్నానం చేసి, స్కూటరు తుడిచి, కొట్టు ముందు దిగేసరికి తొమ్మిదయింది. ఫోను తీశాను. గ్రూపులో చీటీ లేదు, అత్తగారి మాట లేదు. బోర్డు తుడిచేసిన బడిలా ఉంది.

మా ఆవిడకి ఫోను చేశాను. ఇంట్లో మోగి మోగి ఆగిపోయింది. తల్లీకూతుళ్లిద్దరూ మూడొందల అరవై అయిదు వత్తులు వెలిగించడానికి శివాలయానికి వెళ్లారు. ఫోన్లు ఇంట్లో ఛార్జింగులో ఉన్నాయి. మావగారికి చేశాను. "చీటీ నీకే పెట్టింది కదయ్యా" అని పెట్టేశారు.

"చెప్పండి బాబుగారూ" అన్నాడు కొట్టు బాబాయ్, కాగితం పొట్లం చుడుతూ.

"పసుపు" అన్నాను ధైర్యంగా. "కుంకుమ." తరవాత చాలాసేపు ఆగి, "కర్పూరం."

"ఆయ్. తరవాతండీ?"

తరవాత ఏముంది, మనిషి బుర్ర! వెనకాల క్యూలో నలుగురు. అందులో ఒక పెద్దావిడ జాలిపడి, గోడ మీద అంటించిన జిరాక్సు కాగితం చూపించింది. 'శ్రీ సత్యనారాయణ వ్రత సామగ్రి'. పంతుళ్లు అందరికీ ఇచ్చేదే. ప్రాణం లేచొచ్చింది. అసలైన ఓపెన్ సోర్స్ ఇదే కదా! ఎవరో రాశారు, ఎవరో తేనె చేర్చారు, ఇంకెవరో ఖర్జూరం పక్కన 'ఎండు' అని దిద్దారు, ఎవరికి కావలిస్తే వాళ్లు పట్టుకుపోయారు. తీరా చూస్తే అది జిరాక్సుకి జిరాక్సుకి జిరాక్సు. కింద నాలుగు లైన్లు ఎప్పుడో యంత్రంలోనే తెగిపోయాయి, పసుపు రెండుసార్లు ఉంది. ఇన్నాళ్లూ ఎంతమంది చూసుంటారు! చూసే కళ్లు ఎక్కువైతే ఏ తప్పూ దాగదని ఓపెన్ సోర్స్ వాళ్లు తరచూ చెబుతారు, నేనూ చెబుతాను. కాని 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే కన్నం, సగం ఇంటర్నెట్టు నమ్ముకున్న ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే తాళాల ప్రోగ్రాములో రెండేళ్లకు పైగా అందరి కళ్లెదుటే ఉంది. చూడొచ్చు అంటే చూశారని కాదు.

"ఆ కాయితం నమ్మకండి" అన్నాడు కొట్టు బాబాయ్. "మీ ఇంటి లెక్క వేరేనండి." అని గల్లాపెట్టె కింద నుంచి ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తీశాడు.

వేలికి తడి చేసుకుని పేజీలు తిప్పుతుంటే, నా గుండె ఒక్కసారి లయ తప్పింది. ఒక పేజీలో 'అల్లుడుగారు, వేరుశెనగ అచ్చులు 2', దాని కింద మళ్లీ 'అల్లుడుగారు, అచ్చులు 3' అని గొలుసు రాతలో కనబడింది. సాయంత్రం నడక పేరుతో ఇటు వచ్చినప్పుడల్లా 'రాసుకోండి' అన్న పుణ్యం. గట్టిగా దగ్గాను. ఆయన ముందుకి తిప్పేశాడు.

"ఇదిగోండి, పోయినేడు కార్తికం. ఎర్ర గోధుమ రవ్వ కిలోంబావు, పంచదార కిలోంబావు, నెయ్యి అరకిలో, జీడిపప్పు నూట యాభై, తమలపాకులు కట్ట, వక్కలు పావు, పసుపుకొమ్ములు..." అని గొంతెత్తి చదవడం మొదలెట్టాడు. మా ఇంటి వ్రతం, మా నెయ్యి, మా జీడిపప్పు, వెనకాల క్యూ మొత్తానికి వినబడుతున్నాయి. "జీడిపప్పు నూట యాభైయేనా?" అని ఎవరో అన్నారు కూడా.

"పోయినసారి కర్పూరం చాలక కథ మధ్యలో మళ్లీ కుర్రాణ్ని పంపారండి. ఈసారి రెండు డబ్బాలు వేసేస్తున్నా. ఎదురు మేడవాళ్లు కూడా ఈ అగరొత్తులే తీసుకెళ్లారు, ఇవీ వేసెయ్యమంటారా?"

వెయ్యమన్నాను. ఈ పని కోసం ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలు ఎన్ని సర్వర్లు నడుపుతున్నాయో తలుచుకుంటే నవ్వొచ్చింది.

ఇంటికెళ్లేసరికి పంతులుగారు పీట వేసుకుని కూర్చున్నారు. అత్తగారు సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి, చేత్తో బరువు చూసి పక్కన పెడుతున్నారు. రవ్వ పొట్లం దగ్గర చెయ్యి ఆగింది.

"ఇది కిలోయే. కిలోంబావు లేదు."

తూచి చూస్తే కిలోయే! 2024లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన కంప్యూటర్లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని తవ్వుకుంటూ పోయి, ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో ఎవరో ఓపిగ్గా దాచిపెట్టిన దొంగదారిని పట్టుకున్నప్పుడు లోకమంతా ఆశ్చర్యపోయింది. నేను పోలేదు. అలాంటి చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"చీటీలో రాశాను కదా అల్లుడుగారూ?"

జరిగింది చెప్పాను. ఆ యాప్ తప్పేమీ లేదని, గంట పెట్టింది నేనేనని ఒప్పుకున్నాను. ఆవిడ కాసేపు ఆలోచించారు.

"ఎవరూ చదవలేరన్నారు, సరే. మనం కూడానా?"

పంతులుగారు ఆచమనం చేస్తూ ముసిముసిగా నవ్వారు. తొందరగా పోయి పావుకిలో రవ్వ తెచ్చాను. గంట మాత్రం ఇంట్లో ఉన్నదే సరిపోయింది.

ఆ రాత్రే అత్తగారు గ్రూపుని వాట్సాప్‌కి తిరిగి తీసుకెళ్లిపోయారు. పదకొండుమందీ అరనిమిషంలో చేరారు. టైమరు ముట్టుకోవద్దని నాకొక్కడికే విడిగా చెప్పారు.

నెలాఖరుకి ఖాతా తీర్చడానికి ఎప్పుడూ మావగారే వెళ్తారు. ఆ నెల ఆయనకి మోకాలు నొప్పి. మా ఆవిడ వెళ్లింది. ఇరవై నిమిషాల తరవాత నా ఫోను టింగుమంది. కుటుంబం గ్రూపులో ఒక ఫొటో. ఎర్ర అట్ట పుస్తకం, నా పేజీ. 'అచ్చులు 2', 'అచ్చులు 3', 'అచ్చులు 2, నువ్వుండలు 1'... తేదీలతో సహా. కింద ఆవిడ రాసింది ఒక్కటే: "ఏమండీ, ఇదేనా నడక?"

పని తీరిపోయాక మన సమాచారం చెరిపెయ్యమని అడిగే హక్కు మనకి ఉందని ఇప్పుడు ఒక చట్టంలో రాశారు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అది. మొన్న తీరుబడిగా చదివాను. పేరులోనే డిజిటల్ ఉంది గనక ఎర్ర అట్ట పుస్తకానికి వర్తించదు. పోనీ ఫొటో తీశాక డిజిటల్ అయింది కదా అంటే, సొంత అవసరానికి, ఇంటి అవసరానికి వాడుకుంటే ఆ చట్టం వర్తించదని అందులోనే రాశారు. ఇంటి అవసరం కానిదేముంది అందులో! ఫొటో గ్రూపులో ఇంకా ఉంది. పండక్కొచ్చిన కొత్త అల్లుళ్లకి కూడా పైకి జరిపి చూపిస్తారు.

చివరికి ఒక సాయంత్రం సిగ్గు విడిచి కొట్టు బాబాయ్‌నే అడిగాను. "బాకీ తీరిపోయింది కదా బాబాయ్, ఆ పేజీ చింపెయ్యకూడదూ?"

"ఆయ్, చింపేస్తే ఎలాగండి బాబుగారూ! వచ్చే ఏడు మీకేం కావాలో నాకెలా తెలుస్తుంది?" అని, అడక్కుండానే రెండు అచ్చులు పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. పెట్టి, చెవిలో పెన్సిలు తీశాడు.