ఫైండ్ అనే మొండివాడి మీద ఫిర్యాదు

దాదాపు యాభై ఏళ్ల సర్వీసున్నవాణ్ణి తప్పుపట్టడం మర్యాద కాదని తెలుసు. అయినా తప్పడం లేదు. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో డిక్ హైట్ అనే ఆయన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన, ఫైళ్లు వెతికిపెట్టే ఫైండ్ కమాండుకి, చెప్పిన మాట వినడం తప్ప ఇంకేమీ రాదు.

మా అక్క కూతురి పెళ్లి పత్రిక నా లాప్‌టాప్‌లో ఎక్కడో ఉంది. ప్రెస్సాయన ఆరింటికి షట్టర్ దించేస్తాడు. బావగారు అప్పటికే మూడుసార్లు ఫోన్ చేశారు. ఇంగ్లిష్ అక్షరాల్లో పెళ్లి అని కొట్టి వెతకమన్నాను. వెతికి, ఒక్క ముక్కయినా మాట్లాడకుండా వచ్చి నిలబడ్డాడు. "దొరకలేదండీ" అనొచ్చుగా!

పేరు మొత్తం చెప్పాలట. సరే, చివర "ఆపైన ఏమున్నా సరే" అనే అర్థమొచ్చే స్టార్ గుర్తు తగిలించాను, కోట్స్ మర్చిపోయాను. ఆ స్టార్‌ని, మనం కొట్టిన కమాండుని ముందుగా చదివే షెల్ అనే ప్రోగ్రాము దారిలోనే అందుకుని, అక్కడున్న పెళ్లి భోజనాల లిస్టు పేరుగా మార్చి ఇచ్చింది. ఇతగాడు ఇల్లంతా గాలించి అదే లిస్టు తెచ్చాడు.

కోట్స్ పెట్టాను. ఐనేమ్ అనే ఆప్షన్ పెడితే పెద్దక్షరం, చిన్నక్షరం పట్టింపు ఉండదు కాబట్టి అదీ పెట్టాను. కానీ పెళ్లికి ఎల్ ఒకటా, రెండా? చివర ఐ నా, వై నా? లేక మా వరంగల్ వియ్యంకులు రాసినట్టు పెండ్లా? పత్రికలో టీ పక్కన హెచ్ ఉందా? ఒక ఇంట్లో లక్ష్మికి కె ఎస్ హెచ్, పక్కింట్లో ఎక్స్. తెలుగువాడి స్పెల్లింగు ఆ పూట మూడ్‌ని బట్టి ఉంటుందన్న ఇంగితం ఇన్నేళ్లలో అబ్బలేదంటే ఇంకేమనాలి?

కోపమొచ్చి అన్ని ఫోల్డర్లకీ మొదలైన రూట్ నుంచి వెతకమన్నాను. గడప గడపకీ "పర్మిషన్ డినైడ్" అని కేకలు. ఆ కేకల్ని, ఏది పడేసినా మాయమైపోయే డెవ్ నల్ అనే గోతిలోకి తోసేయొచ్చని మేనల్లుడు చెప్పాడు. బావగారి ఫోన్లకీ అలాంటి గొయ్యి ఒకటుంటే బాగుండేది.

లొకేట్ అని ఇంకొకడున్నాడు. అడగ్గానే చెప్పేస్తాడు, ఎందుకంటే వాడు వెతకడు. మామూలుగా రోజుకోసారి తయారయ్యే జాబితా చూసి చదువుతాడు. పొద్దున దించుకున్న ఫైలు లేదంటాడు, తుడిచేసింది ఉందంటాడు. అచ్చం పెళ్లిళ్ల పేరయ్యే. ఆయన పుస్తకంలో ఇద్దరు పిల్లల తండ్రి కూడా ఇంకా సంబంధాలు చూస్తూనే ఉంటాడు.

"మావయ్యా, అదెప్పుడొచ్చింది?" అన్నాడు మేనల్లుడు. మొన్న అన్నాను. ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో చూసే ఎమ్‌టైమ్ పక్కన, మూడు రోజుల లోపు అని మైనస్ 3, పేరు స్థానంలో కోట్స్ మధ్య స్టార్ పీడీఎఫ్. అంతే, దొరికింది! పొద్దుటి నుంచి నేను నిలబడ్డ ఫోల్డర్లోనే ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. అక్క ఫోన్లోంచి వస్తూ డాక్ అని మొదలై తేదీ, నాలుగంకెలు తగిలించుకుని వచ్చింది. పేరులో పెళ్లి లేదు, పత్రికా లేదు.

ఆరుకి పది నిమిషాలుందనగా ప్రెస్సుకి పంపాను. మళ్లీ కావాల్సొస్తే సులువుగా దొరకాలని పేరు కూడా మార్చాను: పెళ్లి పత్రిక ఫైనల్. తొందరలో ఎల్ ఒకటే పడింది.