బీపీ చూశారు సరే, తగ్గించింది ఎందరికి?

ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ చూడాలి, నూటికి నూరు శాతం పూర్తి చేయాలి అంటూ కేంద్రం 2025 ఫిబ్రవరి 20 నుంచి మార్చి 31 దాకా ప్రత్యేక డ్రైవ్ నడిపించింది. డ్రైవ్ ముగిసినా దాని జబ్బు వదల్లేదు. సమీక్షల్లో ఇప్పటికీ మొదటి ప్రశ్న ‘ఎంతమందికి చూశారు?’ అనే. చూసినవారిలో ఎందరి బీపీ 140/90 లోపుకు దిగిందన్నది అడిగే నాథుడు లేడు.

పరీక్షే చేయకుండా వైద్యం ఎలా చేస్తామని అధికారులు అంటారు. నిజమే, ప్రపంచంలో బీపీ ఉన్న 140 కోట్ల మంది పెద్దల్లో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదు. అయితే ఆ మొత్తం మందిలో బీపీ అదుపులో ఉన్నది అయిదింట ఒక వంతుకు కాస్త పైన మాత్రమే. 2025 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సమావేశం ముందుకొచ్చిన ప్రకటన కూడా 2030 నాటికి మరో 15 కోట్ల మంది బీపీని అదుపులోకి తేవాలనే అంది. పరీక్షించి వదిలేయమనలేదు.

నల్లగొండకు ఈ తేడా వేరే చెప్పాలా? మర్రిగూడ, నాంపల్లి వైపు దశాబ్దాల పాటు బోరు నీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందని రాసుకున్నారు. ఊరు మళ్లీ అవే నీళ్లు తాగింది. వంగిన ఎముకలు మంచినీళ్లొచ్చాక కూడా నిటారు కాలేదు. పరీక్షించి వదిలేసే ఆ పాత ఆనవాయితీనే ఇప్పుడు బీపీ, షుగర్లకు అంటగడుతున్నారు.

టార్గెట్ తరుముతుంటే చూడటం కూడా సరిగ్గా జరగదు. టీ తాగినా బీడీ కాల్చినా అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, మాట్లాడకుండా అయిదు నిమిషాలు కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటి మీద, గుండె ఎత్తులో ఉండాలి. రెండుసార్లు చూడాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. అంటే మనిషికి పది నిమిషాలు. రోజుకు ఇన్ని ఎంట్రీలు కావాలని ఊళ్లో తిరిగే ఏఎన్ఎం నర్సు మెడ మీద కూర్చుంటే ఆ పది నిమిషాలు ఎక్కణ్నుంచి వస్తాయి? రిజిస్టరులో వరసగా 120/80, 130/80 కనిపిస్తే ఊరంతా ఆరోగ్యంగా ఉందనుకునే అమాయకత్వం మాకు లేదు.

అసలు కథ మందు దగ్గరుంది. బీపీ తగ్గించే ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. చవక మాత్ర. మొదలుపెట్టిన నెలకు మళ్లీ చూసి, తగ్గకపోతే డోసు పెంచాలి లేదా రెండో మందు కలపాలి. ఏడాదంతా అదే చీటీ, అదే మాత్ర అయితే తగ్గేదెలా? కొందరికి దానితో కాళ్లు వాస్తాయి, మార్చి ఇచ్చేవారు లేక మానేస్తారు. తలనొప్పి లేదు కదా అని ఇంకొందరు ఆపేస్తారు. పదిహేను రోజులకు సరిపడా ఇచ్చి మళ్లీ రమ్మంటే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయేవారికి మూడు నెలల మందులు, చదవగలిగే చీటీ చేతికిచ్చి పంపాలి. లేదంటే వాళ్లు తిరిగొచ్చేది పక్షవాతంతోనో, డయాలసిస్ కోసమో.

రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా దాటొద్దని, మద్యం మానమని గోడల మీద రాయించే తెలంగాణ సర్కారే 2025లో 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తుకు రూ.3 లక్షల చొప్పున తిరిగివ్వని ఫీజు వసూలు చేసింది. ఆ రాబడిని మాత్రం పైసలతో సహా లెక్కగడతారు.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) గోడ మీద మూడు అంకెలు రాయాలి: నమోదైన రోగులు, గత మూడు నెలల్లో మందులకు వచ్చినవారు, వారిలో 140/90 లోపు ఉన్నవారు. ఈ లెక్క తీయడం రాదనడానికి వీల్లేదు. బీపీని అదుపులోకి తేవడానికే 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. కలెక్టర్లు ఇకనైనా వంద శాతం స్లైడ్లకు మురిసిపోవడం ఆపాలి. మూడో అంకె చెప్పలేని అధికారికి సమీక్షలో కుర్చీ వేయడం దేనికి? ముందు ఊళ్లోకి పంపి, ఆ అంకె పట్టుకుని రమ్మనండి.