కాల్చి చూడని పిస్తోలు మీద భరోసా ఎంత?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆత్మరక్షణ కోసం లైసెన్సు పొందినవారు చిన్న తుపాకీ కొనేటప్పుడు ముందుగా చూసేది బరువును, అది చొక్కా కింద ఇముడుతుందా అన్నదాన్ని. అవసరమైన క్షణంలో పేలుతుందా అన్న ప్రశ్న తరువాతే వస్తుంది. నా దృష్టిలో అదే మొదటి ప్రశ్న కావాలి.

9 ఎం.ఎం. మన చట్టం ప్రకారం నిషిద్ధ బోరు (తుపాకీ గొట్టం లోపలి వ్యాసం) కాబట్టి సామాన్య పౌరుడికి ప్రధానంగా మిగిలేది .32 బోరు: ప్రభుత్వ కర్మాగారంలో తయారయ్యే అశని పిస్తోలు, లేదా 2014లో వచ్చిన అర కిలో బరువున్న నిర్భీక్ రివాల్వర్ వంటివి. పిస్తోలు తన తూటా పేలిన శక్తితోనే స్లైడ్ అనే కదిలే పైభాగాన్ని వెనక్కి నెట్టి, పేలిన తూటా ఖాళీ తొడుగును బయటికి విసిరి, మ్యాగజైన్ (తూటాల పెట్టె) లోని తరువాతి తూటాను అందుకోవాలి. తుపాకీ చిన్నదయ్యేకొద్దీ స్లైడ్ కదిలే దూరం తగ్గి, స్ప్రింగ్ బిగువు పెరిగి, తూటా పైకి లేచే వ్యవధి తరిగిపోతుంది. అప్పుడు కొత్త లోహపు గరుకుదనం, పట్టులో సడలింపు, జేబులోని నూలుపోగు, చివరికి మన ఎండాకాలపు దుమ్ము కూడా దాన్ని ఆపేయగలవు. అమెరికాలోని ‘కార్’ (Kahr) అనే తుపాకుల తయారీ సంస్థ తన చిన్న పిస్తోళ్లను నమ్ముకునే ముందు 200 తూటాలు కాల్చమనేది ఇందుకే.

ఆ సలహా ఇక్కడ పాటించడం కష్టం. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సే నిర్ణయిస్తుంది. పొలం గట్టున కాల్చి చూడటం నేరం కావచ్చు. పైగా ఎన్నికల కోడ్ రాగానే తుపాకులను ఠాణాలో అప్పగించమంటారు. 2023 నవంబరులో శాసనసభకు, 2024 మేలో లోక్‌సభకు పోలింగు జరిగినప్పుడు ఆరు నెలల్లోనే రెండుసార్లు కోడ్ అమలైంది. అలా నెలల తరబడి పడి ఉన్న తుపాకీలో నూనె చిక్కబడి జిగురవుతుంది. తెచ్చుకున్న రోజే తుడవకుండా నడుముకు దోపుకోవడం ప్రమాదకరం.

సాధనకు వీలులేని వ్యక్తికి రివాల్వరే మేలని నా అభిప్రాయం. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, తిరిగే చక్రంలో తూటా ఉన్న తరువాతి గది ముందుకు వస్తుంది. అయితే దాని ట్రిగ్గర్ నొక్కడానికి ఎక్కువ బలం కావాలి. అలవాటు లేని చేతికి గురి తప్పుతుంది. అందుకే రేంజ్‌లోనే (కాల్పుల సాధనా స్థలంలోనే) కాల్చి ముగించే తూటాలకు వేరే కోటా ఇవ్వాలి, జిల్లా పోలీసు రేంజ్‌లో నెలకొక రోజు లైసెన్సుదారులకు కేటాయించాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో లైసెన్సు గడువు 5 ఏళ్లకు పెరిగింది కనుక, రెన్యువల్ వేళ యజమాని తన తుపాకీతోనే పది తూటాలు కాల్చి చూపాలి. అవి తడబడకుండా పేలాయో లేదో లైసెన్సు ఫైలులోనే రాసిపెట్టాలి.