గూడ్స్ వ్యాగన్‌కూ నీడ కావాలి

రైల్వే మ్యూజియం అనగానే నిగనిగలాడే ఆవిరి ఇంజనే గుర్తొస్తుంది. దాని వెనక బొగ్గు, ధాన్యం, ఇటుకలు మోసిన వ్యాగన్ల ఊసు ఎత్తేవారు తక్కువ. ఇంగ్లండులో 1825లో మొదలైన స్టాక్టన్-డార్లింగ్టన్ లైను వేసిందే ప్రధానంగా బొగ్గు కోసం. అయినా వారసత్వ సంపద అనేసరికి వ్యాగన్లది చివరి వరసే.

వేల్స్‌లోని బ్యారీ తుక్కు యార్డులో జరిగింది చూడండి. 1960లలో బ్రిటిష్ రైల్వే వదిలించుకున్న ఆవిరి ఇంజన్లు వందల్లో అక్కడికి చేరాయి. యజమాని డై వుడ్‌హామ్ మాత్రం ముందు వ్యాగన్లనే కోయించారు. అవి తేలిగ్గా తెగుతాయి, డబ్బు త్వరగా చేతికొస్తుంది. ఇంజన్లు ఏళ్ల తరబడి అక్కడే పడి ఉండటంతో అభిమానులు చందాలు పోగేసి 213 ఇంజన్లను దక్కించుకున్నారు. వ్యాగన్ల కోసం ఎవరూ అంతగా కదల్లేదు.

పాత బొగ్గు వ్యాగన్ పక్కన ఒకసారి నిలబడితే ఆనాటి పని ఎలా సాగేదో తెలుస్తుంది. చక్రాల పక్కన చేత్తో వేసే బ్రేకుకు పొడవాటి ఇనుప మీట ఉంటుంది. ఇంజన్ నుంచి వేసే బ్రేకు వీటిలో చాలావాటికి లేదు. నిటారు దిగుడు వస్తే రైలు ఆపి, ఒక్కో వ్యాగన్ మీటనూ కిందికి నొక్కి పిన్ను పెట్టాలి. వానైనా, చీకటైనా అదే పని. ఆ మీట పట్టుకున్న చేతుల గురించి ఇంజన్ ఏమీ చెప్పదు.

వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియంలో ఒక సరకు వ్యాగన్ ఉంది. నాజీలు యూదులను మృత్యుశిబిరాలకు తరలించిన వ్యాగన్ల రకమే అది. ఆ ఇరుకు ఎంతో ఫొటో చూస్తే అర్థం కాదు.

అన్నిటినీ దాచడం ఏ సంస్థకూ సాధ్యం కాదు, నిజమే. కానీ దాచినవాటినైనా ఆరుబయట వదిలేస్తే ఎలా? చెక్క పలకల సందుల్లోకి నీరు దిగి పుచ్చుతుంది, అడుగు రేకు తుప్పుకు చిల్లులు పడుతుంది. ఆపై బాగుచేత పేరుతో పలకలన్నీ మార్చి కొత్త రంగు కొడితే పాత అంకెలు, మరమ్మతు గుర్తులు, పారలు ఒరుసుకున్న జాడలు అన్నీ పోతాయి. ముందు పైకప్పు వేయాలి. ఫొటోలు తీసి, కొలతలు రాసుకున్నాకే రంగు గీకాలి. ఒక రకానికి ఒక్క వ్యాగన్‌నైనా ఉన్నది ఉన్నట్టు వదలాలి.

ఏదైనా ఒక రకం వ్యాగన్‌ను సర్వీసు నుంచి తీసేస్తున్నప్పుడు, చివరి రేక్ (ఒకే రైలుగా నడిచే వ్యాగన్ల వరస) తుక్కుకు వెళ్లేలోపే మ్యూజియాలకు కబురు అందేలా రైల్వేలు నిబంధన పెట్టుకోవాలని మేము కోరుతున్నాం. వ్యాగన్‌తో పాటు దాని డ్రాయింగులు, మరమ్మతు రికార్డులూ అప్పగించాలి.