మిర్చి యార్డులో సర్రియలిజానికి ఒక షెడ్డు కావాలి

గుంటూరు మిర్చి యార్డు అధికారులకు ఒక మనవి. సీజన్ అయిపోగానే ఒక షెడ్డు ఖాళీ చేయించి, సర్రియలిస్టు శిల్పాల వేలానికి కేటాయించాలి. ఈ వ్యాపారాన్ని లండన్, న్యూయార్క్ వాళ్లకు వదిలేసి మనం చాలా నష్టపోతున్నాం. శిల్పానికి వెల కట్టడానికి కావలసిన విద్యలన్నీ మన కమీషన్ ఏజెంట్లకు వచ్చు. వాళ్లకా సంగతి తెలియదు, అంతే.

సర్రియలిజం అంటే భయపడక్కర్లేదు. 1924లో పారిస్‌లో ప్రణాళిక రాసుకుని మొదలైన ఉద్యమం. పొంతన లేని రెండు వస్తువుల్ని కలిపి, కలలో వచ్చిందని చెబుతారు. ఆఫీసుల చుట్టూ ఫైలు పట్టుకుని తిరిగిన ఎవరికైనా ఇది సులువుగానే బోధపడుతుంది.

మా బాబాయి యార్డులో పాతకాపు. ఆయనకు మాన్ రే అనే కళాకారుడు 1921లో చేసిన శిల్పం ఫొటో చూపించాను. ఇస్త్రీపెట్టె, దాని అడుగున వరసగా అంటించిన మేకులు.

"దీంతో ఇస్త్రీ చేస్తే చొక్కాలో ఏం మిగులుతుందిరా?"

"ఇస్త్రీకి కాదు బాబాయ్, చూడ్డానికి."

"సరే, సరుకెంత దిగింది మార్కెట్లోకి?"

చూశారా! ఖరీదైన సూటు వేసుకున్న నిపుణుడు కూడా మొదట అడిగేది ఇదే. అసలు ఇస్త్రీపెట్టె ప్రదర్శన మొదలైన రోజే మాయమైంది. 1974లో అలాంటివే 5,000 చేయించి అమ్మారు. "ఐదు వేలా? ఇంకేం రేటు!" అని బాబాయి పెదవి విరిచాడు. కొలంబియా యూనివర్సిటీలో చదివొచ్చినవాడైనా అంతకన్నా ఏం చెబుతాడు?

మార్సెల్ దుషాం సంగతి చెప్పేసరికి మాత్రం ఆయన కాస్త తడబడ్డాడు. సర్రియలిస్టులకు పెద్దన్నలాంటి ఈయన 1917లో మగవాళ్ల మూత్రశాలలో ఉండే పింగాణీ తొట్టి మీద సంతకం పెట్టి, శిల్పం అన్నాడు. అది పోయింది. 1964లో ఆయన అనుమతితోనే ఎనిమిది నకళ్లు చేయించారు. వాటిలో ఒకటి 1999లో 17 లక్షల డాలర్లు దాటి పలికింది. పోయిన టిక్కీ (మిర్చి బస్తా) పేరు చెప్పి ఎనిమిది టిక్కీలు అమ్మడం మన యార్డులో ఇంకా ఎవరికీ తట్టలేదు. నేర్చుకోవాలి.

కంచు శిల్పాల దగ్గర లెక్క ఇంకా పకడ్బందీగా ఉంటుంది. ఫ్రాన్సులో ఒకే మూస నుంచి పోసిన 12 ప్రతుల్ని అసలుగా ఒప్పుకుంటారు. ఎనిమిదింటికి వరస నంబర్లు, నాలుగు కళాకారుడి వాటా. పదమూడోది అదే మూసలోంచి, అదే కంచుతో, అదే మేస్త్రీ చేతి మీదుగా వచ్చినా నకలే. కళాకారుడు పోయాక పోసినవాటికి సాధారణంగా రేటు తక్కువ. తాలుకాయ, అంటే నాసిరకం మిరపకాయ కింద లెక్క.

ఏ ఊరి చేలో పండిందన్నది కూడా ముఖ్యమే. సర్రియలిస్టు కళాకారుడు సాల్వడార్ డాలీ చేసిన లాబ్‌స్టర్ టెలిఫోన్ ఒకటి 2018లో స్కాట్లాండ్ జాతీయ గ్యాలరీలు 8,53,000 పౌండ్లకు కొన్నాయి. ఫోను రిసీవరు మీద ప్లాస్టర్ రొయ్య, అంతే. కానీ దాన్ని చేయించుకున్నది ఎడ్వర్డ్ జేమ్స్ అనే ధనికుడు. ఆయన ఇంటి నుంచి వచ్చిందని కాగితాలున్నాయి. కాగితాలు లేకపోతే రొయ్యకు రొయ్య ధరే.

సరుకు స్థితిగతుల నివేదిక కూడా ఉంటుంది. మెరెట్ ఓపెన్‌హైమ్ 1936లో కప్పుకీ సాసరుకీ చెంచాకీ జింక బొచ్చు తొడిగింది. అలాంటిదానికి పురుగు పట్టిందా లేదా చూడాలి. ఈ పని మనవాళ్లు కళ్లు మూసుకుని చేస్తారు.

ఇబ్బందల్లా జాకొమెట్టి అనే శిల్పి దగ్గరే. ఎదుట మనిషిని కూర్చోబెట్టుకుని తలలు చెక్కుతున్నాడని 1935లో సర్రియలిస్టులు ఆయన్ని వెలేశారు. తర్వాత 1947లో చేసిన, వేలు చూపిస్తున్న బక్క మనిషి కంచు విగ్రహం, అదే మన బక్కాయన, 2015లో 14 కోట్ల 13 లక్షల డాలర్లకు పోయాడు. మనవాళ్లకు బరువు మీద నమ్మకం ఎక్కువ. తెనాలి శిల్పులు ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహం నిలబెడితే, ముందు "ఎన్ని టన్నులు?" అని అడుగుతాం. ఆ లెక్కన ఈ బక్కాయనకు ఆటో ఖర్చులు కూడా రావు. పైగా కళాకారుడు తన చేత్తో రంగు పూసిన ప్రతి కాబట్టి దీనికి గిరాకీ ఎక్కువట. కారంలో రంగు కలిపితే మాత్రం మన మీద కల్తీ కేసు!

ఇక కమీషన్. అక్కడ సుత్తి పడ్డ ధర మీద కొన్నవాడు పాతిక శాతం అటూ ఇటూగా అదనంగా కట్టాలి. అమ్మినవాడి దగ్గరా వేరే పుచ్చుకుంటారు. అమ్మేవాడు పెట్టుకున్న కనీస ధర వచ్చేదాకా వేలం వేసేవాడు గోడనో షాండ్లియర్‌నో చూస్తూ, ఎవరో పాడినట్టు పాట పెంచుకుంటూ పోవచ్చు. అది అక్కడ మర్యాదస్తుల ఆచారం. ఇవన్నీ విన్నాక బాబాయికి యూరప్ మీద గౌరవం పెరిగింది.

నిల్వకు దిగులే లేదు. జెనీవా ఫ్రీపోర్టు (సుంకం కట్టకుండా సరుకు దాచుకునే చోటు) గిడ్డంగుల్లో కళాఖండాలు పెట్టెల్లోనే ఏళ్ల తరబడి మంచి రేటు కోసం కాచుకుని ఉంటాయి. గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీలకు కొదవా? నిల్వ సరుకు మీద బ్యాంకు లోను మనకు అలవాటే. శిల్పాల తాకట్టు మీద అప్పులు ఆ దేశాల్లోనూ ఉన్నాయి. కాబట్టి బొచ్చు కప్పు పెట్టుకుని మన బ్యాంకు మేనేజరు ఎందుకు అప్పివ్వడు?

"ముందు ఆయనకు ఆ కప్పులోనే టీ పోసి ఇవ్వు," అన్నాడు బాబాయి. "తాగితే లోను శాంక్షనైనట్టే."