ఎడ్లబండికి కారు రుణం

నాకు ఒక చిన్న వెబ్‌సైటు ఉంది. కాడి, నొగలు, ఇరుసు, కుండ, ఆకులు, పూటీలు, చీల అంటూ ఎడ్లబండి భాగాల పేర్లు, వాటి బొమ్మలు తప్ప అందులో మరేమీ లేవు. రోజుకు పదిమంది చూస్తే ఆ రోజు మాకు పండుగ. అటువంటి సైటుకు గత నెల ఒక పెద్దమనిషి నుంచి ఈమెయిలు వచ్చింది. "వాహన రంగంపై మీరు రాసిన విజ్ఞానదాయకమైన వ్యాసం చదివి ముగ్ధుడినయ్యాను" అని మొదలుపెట్టిన ఆయన, నా వ్యాసంలో 'ఇరుసు' అన్న మాటకు తమ కారు రుణాల పేజీ లింకు తగిలించాలని, అది తప్పనిసరిగా డూఫాలో లింకు, అంటే గూగుల్ లెక్కలోకి తీసుకునే లింకు, అయి ఉండాలని, అందుకు నా ధర ఎంతో సెలవియ్యాలని కోరారు. నేను పలకలేదు. మూడు రోజుల తరువాత, తన ఉత్తరం నా ఇన్‌బాక్సులో అడుగున పడిపోయిందేమోనని పైకి తెస్తున్నానన్నారు. వారం తిరగకుండా మళ్ళీ తెచ్చారు. నూతిలో పడ్డ చేదను పాతాళగరిగెతో తీసేవారికి కూడా ఇంత ఓపిక ఉండదు.

ఈ శ్రద్ధకు మూలం 1998 నాటిది. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు, గూగుల్‌లో వెతికితే ఏ పేజీ ముందు కనబడాలో తేల్చడానికి కనిపెట్టిన పేజ్‌ర్యాంక్ పద్ధతి, నిజానికి మన పెళ్ళిళ్ళలో వాకబు చేయడం కన్న వేరేమీ కాదు. పిల్లవాడు మంచివాడా కాదా అని పిల్లవాణ్ణే అడగరు, ఊళ్ళో నలుగురిని అడుగుతారు. ఆ నలుగురిలోనూ నలుగురూ గౌరవించే మనిషి చెప్పిన మాటకు ఎక్కువ విలువ ఇస్తారు. ఒక పేజీ మరొక పేజీకి ఇచ్చిన లింకు అటువంటి మంచిమాట. పద్ధతి ఎంత బాగుందంటే, దాన్ని పాడుచేయాలని బుద్ధి పుట్టనివాడు లేడు.

ఆ వాకబు ఇప్పుడెలా జరుగుతున్నదో ఒకసారి ఊహించండి. పిల్ల మేనమామ బస్సు దిగగానే, కిళ్ళీకొట్టు దగ్గర నిలబడినవాడు అడగకుండానే "అబ్బాయి మంచివాడు, తక్కువ వడ్డీకి కారు రుణం" అంటాడు. మంగలి కత్తి నూరుతూ అదే మాట అంటాడు. చెరువు గట్టున బట్టలుతికే ఆమె, రావిచెట్టు కింద పులిజూదం ఆడే ముసలివాళ్ళు, ఆఖరికి పొరుగూరి నుంచి గేదె కోసం వచ్చిన దళారి కూడా అక్షరం పొల్లుపోకుండా ఆ వాక్యమే వల్లిస్తారు. నలభైమంది, నలభై నోళ్ళు, ఒకటే వాక్యం. వీరందరికీ తలకింత అని ముట్టజెప్పిన మధ్యవర్తి అరుగు మీద కూర్చుని, ఎవరి మాటకు నూటికి ఎన్ని మార్కులో పుస్తకంలో రాసుకుంటూ ఉంటాడు. ఆ మార్కులనే ఈ వ్యాపారంలో డొమైన్ అథారిటీ అంటారు. అవి వేసేది మోజ్ అనే ప్రైవేటు సంస్థ. గూగుల్‌కు వాటితో నిమిత్తం లేదు. అయినా లింకుల బేరం వాటి మీదనే సాగుతుంది. జాతకం చూసేవాడు వేరు, పెళ్ళి చేసుకునేవాడు వేరు కదా.

అమెరికాలో 1902 నుంచి బట్టలమ్ముతున్న జె.సి. పెన్నీ వారికి కూడా 2011లో ఇటువంటి సాక్షులే దొరికారు. దుస్తులతో ఏ సంబంధమూ లేని పేజీల నుంచి వారి సైటుకు కుప్పలుగా లింకులున్న సంగతి న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. తమకేమీ తెలియదని పెన్నీ వారు చెప్పి మధ్యవర్తిని మాన్పించారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే సవరణ తెచ్చి, నలభైమంది ఒకే వాక్యం పలికితే అనుమానించడం నేర్చుకుంది. మేనమామకు బుద్ధి వచ్చింది గనుక మధ్యవర్తి కూడా తెలివి మీరాడు. బతికున్నవాళ్ళ సాక్ష్యం చెల్లకపోతే చచ్చిపోయినవాళ్ళ చేత చెప్పిద్దామనుకున్నాడు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. మా ప్రాంతంలో ఒక పల్లె గ్రంథాలయానికి ఒక సైటు ఉండేది. ఒక రిటైరైన మాస్టారు ఏటేటా తన పింఛనులోంచి డొమైను, అంటే సైటు పేరు, రుసుము కట్టి, ఆ ఊరి పాత పుస్తకాల జాబితా అందులో పెట్టేవారు. బండి భాగాల పేర్లలో సగం నేను అక్కడే నేర్చుకుని, కృతజ్ఞతగా లింకు ఇచ్చాను. మాస్టారు పోయారు. రుసుము కట్టేవారు లేక గడువు తీరగానే, ఆ పేరుకున్న పరువు కోసం కాచుకుని కూర్చున్నవాడెవడో దాన్ని కొన్నాడు. నేనీ మధ్య తెరిచి చూస్తే, పైన గ్రంథాలయం పేరు అలాగే ఉంది, కింద డబ్బు పెట్టి ఆడే రమ్మీకి ఆహ్వానం ఉంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించిన ఆట అది. 2025లో కేంద్రమూ చట్టం చేసింది. పిల్లల ఫీజులు, పెళ్ళికని దాచిన సొమ్ము, పొలం అమ్మిన డబ్బు మింగిన ఆట. దానికి ఆ మాస్టారి అరుగు మీద కూర్చుని, ఆయన గొంతుతో, రండి ఆడండి అని పిలవడానికి సిగ్గుండాలి! దొంగ కూడా శవం వేలి ఉంగరం లాగుతాడు గాని, శవాన్ని లేపి నిలబెట్టి బేరం చేయించడు. ఇన్నాళ్ళూ నా ఎడ్లబండి పేజీ ఆ పేకాటకు సాక్ష్యం పలికిందంటే, నాకు తెలియకుండానే నేను ఆ నలభై ఒకటో మనిషినయ్యానన్న మాట. గడువు తీరిన పేర్లు కొని ఇలా వాడడం మోసమని గూగుల్ 2024 మార్చిలో నియమాల్లో చేర్చింది. మంచిదే. మాస్టారికి చెప్పడానికి ఆయన లేరు.

ఆ లింకు తీసేశాను. గ్రంథాలయం పేరు మాత్రం ఉత్త అక్షరాలుగా ఉంచాను. నాలుగో రోజున ఆ కారు రుణాల పెద్దమనిషి నుంచే ఉత్తరం వచ్చింది. నా పేజీలో ఒక గ్రంథాలయం పేరు లింకు లేకుండా పడి ఉండడం గమనించారట. పాఠకులకు అసౌకర్యం కలగకుండా, అక్కడ పెట్టుకోవడానికి వారి దగ్గర తగిన పేజీ ఒకటి సిద్ధంగా ఉందట.