క్వార్టర్ సీసా మీది చిన్న అక్షరాలకు

హెచ్చరిక వాక్యం గారికి నమస్కారం.

ఇన్నేళ్లూ మిమ్మల్ని చూశానే గానీ, చదివింది మొన్ననే. బాబాయి మంచం కింద ఖాళీ సీసాలు ఏరుతుంటే లేబుల్ వెనకవైపు ఒదిగి కూర్చుని కనిపించారు. మద్యపానం ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపకండి అన్నారు. రెండో మాటను మా బాబాయి తు.చ. తప్పకుండా పాటించాడండీ. బండి ఎప్పుడో అమ్మేశాడు. ఎందుకు అమ్మాడో మీకు చెప్పక్కర్లేదు.

మీ ఎత్తు ఇంతకు తగ్గకూడదని 2018 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో ఉందట. తగ్గలేదు, నిజమే. పెరగనూ లేదు. మద్యం క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే తేల్చి, పొగాకున్న గ్రూపులోనే దాన్నీ కూర్చోబెట్టింది. సిగరెట్ పెట్టె మీద హెచ్చరికకు 85 శాతం జాగా ఇచ్చారు. మీకేమో చీమలబారంత. బ్రాండు పేరు మాత్రం బంగారు రంగులో పెళ్లికొడుకులా ఉంది.

ఒక సంగతి మీరు అసలే చెప్పలేదు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఉన్నట్టుండి ఆపేసినా ప్రమాదమేనట. సంక్రాంతికి బాబాయి దేవుడి పటం ముందు ఒట్టేసి మానేశాడు. మర్నాటికే చేతులు వణికాయి. మూడో రోజు దుప్పటి మీద లేని పురుగుల్ని దులుపుతూ కూర్చున్నాడు. ఆ రాత్రే ఫిట్స్. ‘కాస్త పొయ్యండి, సర్దుకుంటాడు’ అన్నారు ఇరుగుపొరుగు. అలా సర్దుకునే ఇరవై ఏళ్లు తాగాడాయన! డాక్టరు దగ్గర మందులతో మాన్పించాలన్న సంగతి ఆస్పత్రిలో చేర్చాకే మాకు తెలిసింది. అప్పటికే కళ్లు పచ్చబడి, పొట్టలో నీరు చేరింది.

మిమ్మల్ని రాయించేదీ సర్కారే, మద్యం షాపులకు లాటరీ తీసేదీ సర్కారే. తెలంగాణలో 2023లో ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, షాపు రాకపోయినా వాపసు లేదు. 2025లో దాన్ని 3 లక్షలు చేశారు. హానికరమని తెలిసి కూడా అంత క్యూ కట్టించగలిగారంటే మీ ప్రభావాన్ని తక్కువ అంచనా వేయలేం.

అక్షరాలకు బలం లేదని కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు సారా మీద ఒక పాఠం చదివి, ఊళ్లో దుకాణం మూయించారు. ఆ ఊపు రాష్ట్రమంతా పాకి 1993లో సారా, 1995లో మొత్తం మద్యమే ఆగింది. 1997లో మళ్లీ తెరిచారనుకోండి. కానీ ఆ పాఠం చదివింది తాగేవాళ్లు కాదు, వండిపెట్టేవాళ్లు. మిమ్మల్నేమో సీసా ఎత్తేవాడి అరచేతి కింద అచ్చేశారు.

మా పిన్నికి చదువు రాదు. మిమ్మల్ని పైకి చదివి వినిపించాను. ‘ఇంకేం రాశార్రా?’ అంది.

అంతే పిన్నీ, అన్నాను.

సీసాలన్నీ గోనెసంచిలో వేసి, పాత సామాన్లవాణ్ని కేకేసింది.